చెస్ట్‌నట్ చెట్టు గిరికి ఇవతలే

రేగెన్స్‌బుర్గ్, పాత ఊరి వైపు
జూన్ తొలి సోమవారం

మాతృశ్రీ గెర్లిండే గారి దివ్య సముఖమునకు,

తమ ఏకైక పుత్రిక, భవన నిర్మాణ శాస్త్రంలో పట్టభద్రురాలు, వృత్తిరీత్యా ఇంటికప్పుల వడ్రంగి, ప్రస్తుతం దేశదిమ్మరి అయిన వ్రోని నమస్కరించి విన్నవించుకొనునది: ఇక్కడ నేను క్షేమం. పని ఏమీ చేయడం లేదు.

రెండో మాట చదవగానే నువ్వు కళ్లజోడు పైకి తోసుకున్నావు. ఇక్కడి నుంచే కనిపించింది.

చలికాలమంతా కొండ ఊళ్లలో, మంచు బరువుకి కుంగిపోయిన దూలాలు మార్చి మార్చి నా భుజాలు నాన్న బ్యాండులో ఊదే ట్యూబాలాగా వంకర తిరిగాయి. అందుకని నేనూ రేటో కలిసి ఉల్లిపాయల లారీ ఎక్కి ఇక్కడ దిగాం. "ఒక్క రాత్రి ఉండి పోదాం," అన్నాడు రేటో. అప్పటి నుంచి ఆ ఒక్క రాత్రే నడుస్తోంది.

రేటో ఎవరని పోయిన ఉత్తరంలో మూడు చోట్ల అడిగావు. స్విట్జర్లాండ్ వాడు, పెంకులు పరిచే పనివాడు, నాలాగే సంచారంలో ఉన్నవాడు. నిద్రకీ మెలకువకీ మధ్య తన దేశంలాగే తటస్థంగా ఉంటాడు. మా ఇద్దరి మధ్యా ఉన్నవి ఒక స్నేహం, ఒక సబ్బు. రెండూ రోజూ అరుగుతున్నాయి గానీ ఇంకా పనికొస్తున్నాయి.

మా దినచర్య కూడా సముఖానికి నివేదిస్తున్నాను. పొద్దున చర్చి గంటలు లేపుతాయి. లేవం. అవి అలిసిపోయాక లేచి, నది ఒడ్డున రాళ్ల మీద మూటలు తలకింద పెట్టుకుని మళ్లీ పడుకుంటాం. మధ్యాహ్నం రాతి వంతెన పక్కన బొగ్గుల మీద సాసేజ్‌లు కాల్చే కొట్టుకి పోతాం, పుల్ల క్యాబేజీతో తింటాం. మా నల్ల టోపీలూ, ఏనుగు కాళ్ల ప్యాంట్లూ, చేతిలో మెలికల కర్రలూ చూసి నిన్న ఒక ముసలావిడ చెర్రీపళ్ల కేకు ఇచ్చి, "సర్కస్ ఏ వీధిలో నాయనా?" అని అడిగింది. "ఇదే, అమ్మమ్మా," అన్నాడు రేటో, పడుకునే.

సాయంత్రం వంతెన దాటి ఉత్తరపు ఒడ్డున, చెట్ల కింద బల్లలేసి బీరు పోసే బీరు తోటకి వెళ్తాం. తోట చివర ఒక పెద్ద చెస్ట్‌నట్ చెట్టుంది. అదే మా ఆస్థానం. ఆ చెట్టే ఎందుకో చెప్పాలంటే నియమాలు మరోసారి వినిపించాలి, ఎందుకంటే ప్రతి ఉత్తరానికీ నువ్వు కొత్తగా మర్చిపోతావు.

మా వృత్తుల పాత ఆచారం ప్రకారం, సంచారానికి బయలుదేరిన పనివాడు మూడేళ్ల మీద ఒక్కరోజు గడిచేదాకా సొంత ఊరి చుట్టూ యాభై కిలోమీటర్ల దూరాన గీసిన గిరిలోకి అడుగు పెట్టకూడదు. జేబులో ఫోను ఉండకూడదు. బస్సుకీ మంచానికీ డబ్బు పెట్టకూడదు. ఇంట్లో ఎవరైనా చావు బతుకుల మధ్య ఉంటే తప్ప గిరి దాటితే సంచారం చెడినట్టే. కొలత ఊరి పేరు బోర్డు నుంచి. వెళ్లేరోజు నేను ఎక్కి అవతలికి దూకిన బోర్డు, కలప కోత మిల్లు మలుపులోది. దాని పాదులోనే పళ్ల సారా సీసా పాతాను, తిరిగొచ్చాక తవ్వి తాగడానికి. అప్పుడు నువ్వు అక్కడే నిలబడి "ప్యాంటు చిరుగుతుంది" అన్నావు. అదే కదా నీ ఆశీర్వచనం!

ఇప్పుడు చెట్టు సంగతి. మ్యాప్ పరిచి, మిల్లు మలుపు మీద రేటో దారం ముడి నొక్కిపట్టాడు, నేను దారానికి పెన్సిలు కట్టి గుండ్రంగా తిప్పాను. గీత సరిగ్గా చెస్ట్‌నట్ చెట్టు వెనకగా పోయింది. అంటే నేను చెట్టు మొదలుకి వీపు ఆనించి కూర్చుంటే, నా వీపు వెనక బల్ల దగ్గర్నుంచి మన ఇల్లు మొదలవుతుంది. నిన్న సాయంత్రం బీరు సీసా మూత ఒకటి వేలితో గిరిలోకి ఎగరేశాను. నా తరఫున ఇంటికి పోయిన మొదటి వస్తువు అదే.

జూలైలో అమ్మమ్మ ఎనభయ్యో పుట్టినరోజు. నేను రాలేను. మీరే రండి. ఆమెకి చెట్టు కింద కుర్చీ వేయిస్తాను.

అంబెర్గ్ ఆర్కిటెక్ట్ ఆఫీసులో నా కోసం కుర్చీ ఒకటి ఎదురుచూస్తోందని మళ్లీ రాశావు. సమాధానం: వద్దు. పోయిన నెల సమాధానం కూడా అదే, చేతిరాత మాత్రం కొంచెం మెరుగైంది.

తమ ఆజ్ఞను శిరసావహించని,
వ్రోని


వైడెన్‌రీట్
జూన్ 14

వ్రోనీ,

ఉత్తరం అందింది. ట్యూబా మాట మీ నాన్నకి చదివి వినిపించాను. నవ్వాడు. నేను నవ్వలేదు.

ముప్పై ఏళ్లుగా జిల్లా సర్వే ఆఫీసులో భూములు కొలుస్తున్నాను. నా కూతురు దారంతో కొలిచిందని మా ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు.

నిన్న భోజనాల వేళ సరిగ్గా కొలిచాను. ఆ తోట నాకు తెలుసు, ఆ చెట్టూ తెలుసు. ఊరి పేరు బోర్డు నుంచి చెట్టు దాకా యాభై కిలోమీటర్లు లేదు. పెన్సిలు మందం తేడా అనుకోకు. మూడు వందల మీటర్లు తక్కువ. వచ్చిన దగ్గర్నుంచీ నువ్వు ప్రతి సాయంత్రం గిరి లోపల కూర్చుని బీరు తాగుతున్నావు.

నియమం నేను పెట్టింది కాదు. నువ్వు నెత్తిన పెట్టుకు తిరుగుతున్నది. దాని ప్రకారం నీ సంచారం చెడింది. ఇక దాని కోసం లారీలు ఎక్కుతూ, నది ఒడ్డున పడుకుంటూ తిరగాల్సిన అవసరం లేదు.

అంబెర్గ్ వాళ్లు ఆగస్టు దాకా ఆగుతారు. వస్తే పుట్టినరోజుకి ఇక్కడే ఉంటావు. అమ్మమ్మ మాంసం వేపుడూ బంగాళాదుంప ఉండలూ అడుగుతోంది, ఆ ఉండలు నువ్వు చేస్తేనే కుదురుతాయంటోంది.

నీ గది కిటికీ తలుపు వానకి ఉబ్బి బిగుసుకుపోయింది. మీ నాన్న సుత్తి పట్టుకుంటే నేనే ఆపాను.

అమ్మ


రేగెన్స్‌బుర్గ్
జూన్ 19

అమ్మా,

ఈసారి సముఖాలూ విన్నపాలూ లేవు.

నీ ఉత్తరం చెట్టు కిందే చదివాను. చదివి, లేచి, గ్లాసు అక్కడే వదిలేసి, గబగబా నడిచి వంతెన సగం దాకా వచ్చేశాను. నా వెనకాలే రేటో, రెండు గ్లాసులూ పట్టుకుని, ఒక్క చుక్క ఒలకకుండా. అక్కడ గోడ మీద కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తూ కూర్చునే రాతి బొమ్మ ఉంది కదా, దాని కిందే కూలబడ్డాం.

"దారం ఎవరు పట్టుకున్నార్రా?" అన్నాను.

"ముడి నాది. పెన్సిలు నీది."

"ముడి జరిగుంటుంది."

"స్విస్ ముడి జరగదు."

"అయితే మా అమ్మ కొలత తప్పంటావా?"

రేటో ఉత్తరం తీసుకుని దీపం వెలుగులో తిప్పి చూశాడు. "మీ అమ్మని నేను చూడలేదు వ్రోనీ. చేతిరాత చూస్తున్నా. ఈ చేతిరాత తప్పు చేసే రకం కాదు."

ఉత్తరం మడిచి నా చేతిలో పెట్టాడు. తర్వాత వాడే అన్నాడు, "ఈ సంగతి మీ అమ్మకీ మనకీ తప్ప ఎవరికీ తెలీదు. రేపు పొద్దున్నే లిన్‌జ్ పోయే లారీ ఎక్కేద్దాం. ఎవరు అడుగుతారు?"

"నాకు తెలుసు కదరా."

"అదొకటి ఉంది," అన్నాడు, నా గ్లాసు కూడా తనే తాగేశాడు.

అమ్మా, నేను దీన్ని దాచను. ఏ సత్రంలో ఏ పనివాడు అడిగినా "నా సంచారం రేగెన్స్‌బుర్గ్‌లో చెడింది, బీరు తోటలో, మా అమ్మ కొలిచింది" అని తల ఎత్తుకునే చెప్తాను. ఇక్కడ దాకా నువ్వు గెలిచావు.

కానీ లెక్క సగమే చేశావు. మిగతా సగం నేను చేస్తున్నాను, చూడు.

సంచారం చెడిన పనివాడికి రెండు దారులు. సంచారపు నల్ల బట్టలు విప్పి, గోడకి మేకుతో కొట్టి, ఆఫీసు కుర్చీలో కూర్చోవడం ఒకటి. రెండోది, ఊరికి వచ్చి, మళ్లీ బోర్డు ఎక్కి దూకి, మొదటి రోజు నుంచి లెక్క మొదలుపెట్టడం. ఇప్పటిదాకా తిరిగిన ఏడాదిన్నర గాలికి పోతుంది. పోనీ! చలికి పగిలిన వేళ్లు పోవు కదా, ఎత్తిన దూలాలు కింద పడవు కదా.

జూలై మొదటి ఆదివారం వస్తున్నాను. ఇంటికి కాదు, బోర్డు దగ్గరికి. పాత సీసా నీ కళ్ల ముందే తవ్వి తీస్తాను, కొత్త సీసా పాతుతాను, దూకుతాను. మళ్లీ మూడేళ్ల ఒక్కరోజు. అమ్మమ్మకి చెప్పు, ఎనభయ్యో పుట్టినరోజుకే కాదు, ఆ తర్వాత వచ్చే రెండిటికీ కూడా నేను ఉండను. నీ కొలతతో నన్ను ఇంట్లోకి లాగుదామనుకున్నావు. ఇంకో ఏడాదిన్నర బయటికి తోశావు.

బెదిరిస్తున్నాననుకోకు. బెదిరించాలంటే ఇంకా అందంగా రాసేదాన్ని.

రేటో నాతో రాడట. వాడి లెక్క చెడలేదు, వాడి ఊరు ఇక్కడికి చాలా దూరం. అయినా గిరి అంచు దాకా దిగబెడతానన్నాడు. అంచు ఎక్కడో నిన్నడిగి చెప్పమన్నాడు.

కిటికీ తలుపు అంచు చిత్రిక పట్టాలి, సుత్తితో కొట్టకూడదు. నువ్వు ఆపడం మంచిదైంది.

వ్రోని


వైడెన్‌రీట్
జూన్ 24

వ్రోనీ,

ఆదివారం రావద్దు. బోర్డు దగ్గర తవ్వితే సీసా దొరకదు.

మార్చిలో బోర్డు జరిపారు. మిల్లు మలుపు దాటాక రోడ్డు పొడుగునా కొత్త ఇళ్లు వచ్చాయి, ఊరు దక్షిణం వైపు పెరిగింది. బోర్డు ఎక్కడ నిలబెట్టాలో గుర్తుకొయ్య దిగ్గొట్టింది నేనే. నీకు పంపిన కొలత ఆ కొత్త బోర్డు నుంచి.

నువ్వు దూకిన చోటి నుంచి కొలిస్తే చెస్ట్‌నట్ చెట్టు గిరికి బయటే ఉంది. ఎంతో కాదు. దాని వెనక బల్ల లోపలే.

నీ దారం సరిగ్గానే ఉంది. ముడి జరగలేదని ఆ అబ్బాయికి చెప్పు.

కొలతలో తప్పు లేదు. మొదలుపెట్టిన చోటు తప్పు. తెలిసే పెట్టాను.

కిటికీ గురించి రాసింది మాత్రం నిజం.

అమ్మ

తా.క. కవరు అంటించే పని నాది కాబట్టి ఈ కింద ఖాళీ కూడా నాదే. మీ అమ్మ ఈ ఉత్తరం నాలుగు సార్లు రాసింది. మొదటి మూడూ చాలా పొడుగు, అన్నీ పొయ్యిలో వేసింది. అందులో ఏముందో నేను చదవలేదు, చదివినా చెప్పను. తొక్కేవాళ్లు లేని నీ సైకిలుకి శనివారం శనివారం గాలి కొడుతుంది, అంతవరకు చెప్తాను. నువ్వు లేచిపోయావని మన బేకరీ వాడు ఎవరితోనో అంటే, వాడి దగ్గర రొట్టె కొనడం మానేసింది. పక్క ఊరి రొట్టె నా పళ్లకి రాయిలా ఉంది, కాబట్టి ఈ గొడవ త్వరగా తేల్చండి. ఇకపోతే నా పుట్టినరోజు. ఆ చెట్టు కింద బీరు చల్లగానే ఇస్తారా? — జెంజి అమ్మమ్మ


రేగెన్స్‌బుర్గ్, చెస్ట్‌నట్ చెట్టు కింద, సగర్వంగా
జూలై 1

జిల్లా సర్వే అధికారిణి, ముద్దాయి గెర్లిండే గారికి,

బీరు తోట ధర్మపీఠం, ప్రధాన న్యాయమూర్తి వ్రోని, సహ న్యాయమూర్తి రేటో (నిద్రలో) కలిసి ఇచ్చిన తీర్పు ఇది.

ముద్దాయి తన వృత్తి జీవితంలో మొదటిసారి తప్పు చోట కొయ్య పెట్టి కొలిచినట్టు తనే ఒప్పుకున్నది. మెలకువగా ఉన్న ఒకే ఒక్క నిమిషంలో సహ న్యాయమూర్తి "స్విస్ ముడి జరగదని చెప్పానా లేదా?" అన్నాడు. ఆ మాట ఇప్పటికి డెబ్భైసార్లు అన్నాడు. నీ తప్పుకి శిక్ష నేను అనుభవిస్తున్నాను.

శిక్షలు: ఒకటి, అమ్మమ్మ పుట్టినరోజుకి ముద్దాయి ఈ తోటకి స్వయంగా హాజరు కావలెను. రెండు, అంబెర్గ్ ఆఫీసు వాళ్లకి "మా అమ్మాయి రాదు" అని ముద్దాయే స్వయంగా, తన నోటితో చెప్పవలెను. నేను చెప్తే మళ్లీ నువ్వు "ఆలోచించుకుంటోంది" అని సర్దుతావు. నేను ఆలోచించుకోవడం లేదు. కాగితం మీద ఇళ్లు గీయడం చదివాను, వచ్చు. ఇప్పుడు ఇళ్ల నెత్తి మీద నిలబడి పని చేస్తున్నాను. పై నుంచి ఊళ్లు చాలా బాగుంటాయి. నువ్వు మ్యాపుల్లో ముప్పై ఏళ్లుగా చూసేది అదే కదా, నీకు నేను చెప్పాలా?

తీర్పు సమాప్తం. ఇక మామూలుగా ఒక మాట.

ఆ రోజు వంతెన మీద కూలబడ్డానని రాశాను కదా. కోపం తర్వాత వచ్చింది. అంతకుముందు ఒక్క క్షణం, చెడింది కదా, ఇంటికి పోవచ్చు కదా అని కాళ్లు తేలికయ్యాయి. నిజంగా తేలికయ్యాయి. అందుకే అంత గట్టిగా రాశాను. ఇది చదివి మురిసిపోకు. కాళ్లు అడిగినవన్నీ ఇచ్చేదాన్నయితే ఉల్లిపాయల లారీలోనే ఉండిపోయేదాన్ని.

రేపు లిన్‌జ్ వైపు పోతున్నాం, అక్కడ ఒక మఠం కప్పు పని ఉంది. పుట్టినరోజు నాటికి వెనక్కి వస్తాం. నువ్వు టేపు తెచ్చుకో. సుద్దముక్క కూడా. ఈసారి కలిసి కొలుద్దాం.

బేకరీ వాడిని క్షమించు. నేను లేచిపోయిన మాట నిజమే కదా, కాకపోతే ఒంటరిగా.

వ్రోని


వైడెన్‌రీట్
ఆగస్టు 9

వ్రోనీ,

పుట్టినరోజు ఫోటోలు పంపుతున్నాను. ఒకదాంట్లో కేకు కోయకముందే రేటో నిద్రపోతున్నాడు. మంచి పిల్లవాడు. విడిగా ఒక పొట్లంలో రెండు సబ్బులు కూడా పంపుతున్నాను.

రెండు బల్లలు కలిపి మధ్యన నేను సుద్దతో గీసిన గిరి గీతని తోట యజమాని ఇంకా తుడవనివ్వలేదట. వచ్చినవాళ్లందరికీ చూపిస్తున్నాడట, మీ నాన్న బ్యాండులో డప్పు వాయించే ఆయన వెళ్లి చూసొచ్చి చెప్పాడు. మీ అమ్మమ్మ కేకు గీత మీద పెట్టి చెరి సగం కోయడం అందరూ మెచ్చుకున్నారు. నువ్వు మాత్రం ఇవతలికి చెయ్యి కూడా చాపలేదు. ఉప్పు కావాలంటే అడిగి అందించుకున్నావు. నాకు కోపం వచ్చింది. రైల్లో తగ్గింది.

వెళ్లేటప్పుడు వెనక్కి తిరిగి చూడలేదు నువ్వు. నియమం అన్నావు. నేను చూస్తూనే ఉన్నాను. నాకే నియమమూ లేదు.

అంబెర్గ్ వాళ్లకి చెప్పాను. ఇంతకీ ఎప్పటికి మనసు మారుతుందని అడిగారు. అది కొలిచే పరికరం మా ఆఫీసులో లేదన్నాను.

ఇంకొకటి. మిల్లు మలుపులో పాత బోర్డు తీసేశాక గుంత పూడ్చి గడ్డి వేశారు. వచ్చే ఏడు అక్కడ కొత్త ఇళ్ల వాళ్లు కంచె కట్టుకుంటారు. నువ్వు తిరిగొచ్చిన రోజు ఎక్కడని తవ్వుతావు? అందుకని పోయిన శనివారం మీ నాన్నని తీసుకెళ్లి అక్కడ ఒక సరిహద్దు రాయి పాతాను. నిజమైన రాయే, తల మీద గుర్తు చెక్కినది. సరిహద్దు రాయిని ఎవరూ కదపకూడదు, అది చట్టం. కంచె దాన్ని చుట్టుకుని పోవాల్సిందే.

ఇన్నేళ్లలో నేను పాతిన ప్రతి రాయికీ ఒక నంబరు ఉంది, ఫైలు ఉంది, పై అధికారి సంతకం ఉంది. దీనికి ఏదీ లేదు. ఏదో ఒకరోజు ఎవరో ఒకరు వచ్చి ఇది దేని సరిహద్దు అని అడుగుతారు. అడగనీ. నా కూతురు దూకిన చోటు అని చెప్తాను.

అమ్మ

తా.క. రాయి కోసం తవ్వుతుంటే నీ సీసా బయటపడింది. మీ అమ్మ చొక్కా అంచుతో మట్టి తుడిచి, అటూ ఇటూ చూసి, మూత తీసి ఒక పెద్ద గుక్క తాగి, మళ్లీ బిగించి పెట్టేసింది. నేను కారులో కునుకు తీస్తున్నాననుకుంది. నువ్వు వచ్చాక సీసా తక్కువగా ఉంటే నా మీద పెట్టకండి. — జెంజి